రెండో సాక్ష్యం

పాటల టీచరుకి గొంతు పోయిందంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. జలుబై ఉంటుందన్నారు. నాలుగు రోజులు మాట్లాడకుండా కూర్చుంటే అదే వస్తుందన్నారు. ఆవిడా అలాగే అనుకుంది.

అంతకుముందే మెడలో చిన్న గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ మంచిదే, భయం లేదన్నారు. కానీ దాన్ని తీసేటప్పుడు గొంతుకి వెళ్ళే నరం ఒకటి దెబ్బతింది. "తలుపుకి రెండు రెక్కలుంటాయి కదమ్మా, అందులో ఒకటి బిగుసుకుపోయింది. మూసుకోదు. గాలంతా ఆ సందులోంచి పోతోంది" అని డాక్టరుగారు కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. బొమ్మ బాగానే అర్థమైంది. తన గొంతులోంచి గుసగుస తప్ప ఇంకేమీ రాదన్న సంగతే ఎంతకీ బుర్రకెక్కలేదు.

ఆవిడ బడిలో సంగీతం చెప్పేది. చర్చిలో గాయక బృందాన్ని నడిపేది. పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఊరందరికీ పాటల టీచరే. ఇప్పుడు బడివాళ్ళు ఆవిడని లైబ్రరీలో కూర్చోబెట్టారు. "మాట్లాడక్కర్లేని చోటు చూశాం టీచర్" అన్నాడు హెడ్మాస్టరు, ఏదో మేలు చేస్తున్నట్టు. చర్చిలో బృందాన్ని తోడికోడలికి అప్పగించారు. ఆ అక్కకి ఉత్సాహానికేం తక్కువ లేదు. శ్రుతి ఎటు పోయినా ఆవిడ మాత్రం నిలబడ్డ చోటే నిలబడేది.

గుసగుసగా మాట్లాడితే లోకం కూడా గుసగుసగానే జవాబిస్తుందని టీచరు అప్పుడే తెలుసుకుంది. కొట్లో "సబ్బు ఇవ్వండి" అని అడిగితే కొట్టతను అటూ ఇటూ చూసి, ముందుకి వంగి, రహస్యంలా "ఏ సబ్బమ్మా?" అనేవాడు. ఇంట్లో దీనికి సరిగ్గా ఎదురు. ఆవిడ భర్త ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ ఆపరేటరు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో నిలబడి చెవులు మొద్దుబారిపోయాయి. "కూర మాడిపోతోంది, కాస్త దించండీ" అని ఆవిడ లోపల్నుంచి గొంతు చించుకుంటే, ఆయన ముందు గదిలోంచి "అవును, బాగా కుదిరినట్టుంది, ఇక్కడిదాకా వాసన వస్తోంది" అనేవాడు.

నవ్వొచ్చేది. నవ్వినా చప్పుడు రాకపోయేసరికి ఏడుపొచ్చేది.

చర్చిలో అందరూ ఆవిడ కోసం ప్రార్థన చేశారు. ఉపవాసాలున్నారు. ఇంటికొచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అలా కొన్ని నెలలు గడిచాక డాక్టరుగారు, "ఒక ఇంజెక్షన్ ఉంది. కదలని రెక్కని కాస్త ఉబ్బేలా చేస్తుంది. సందు మూసుకుంటుంది, మాట వస్తుంది. కొన్నాళ్ళకి మందు ఒంట్లో కరిగిపోతుంది. ఈలోగా నరం తనంతట తను కోలుకుంటే మన అదృష్టం" అన్నారు.

ఆవిడకి 'మాట వస్తుంది' అన్నదాకానే వినిపించింది. తర్వాత డాక్టరుగారి పెదవులు ఎందుకు కదులుతున్నాయో పట్టించుకోలేదు.

నిజంగానే వచ్చింది. ఇంజెక్షన్ చేయించుకున్న వారంలోనే ఒక పొద్దున వంటింట్లోంచి "ఏమండీ" అని పిలిచింది. ముందు గదిలో గడ్డం గీసుకుంటున్న మనిషి తల తిప్పాడు. సగం మొహం సబ్బు నురగతో అలాగే లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకోసారి పిలువు" అన్నాడు.

"ఏమండీ!"

ఆయన గుమ్మానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఆదివారం పాటల టీచరు చర్చిలో సాక్ష్యం చెప్పింది. తెల్ల చీర కట్టుకుని మైకు ముందు నిలబడి, "ప్రభువు నా గొంతు నాకు తిరిగి ఇచ్చాడు. మనుషులు చెయ్యలేనిది ఆయన చేశాడు" అంది. హాలంతా చప్పట్లు. వెనక వరసలో స్కూలు బస్సు డ్రైవరుగారు కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆయన చర్చికి రావడం అదే మొదటిసారి. పక్కన భార్య పట్టుకుని ఉంటే, పనిచేసే ఎడమ చెయ్యి పైకెత్తి అలాగే ఉంచాడు. చప్పట్లు ఆగిపోయినా ఆ చెయ్యి దిగలేదు. టీచరు అది చూసింది. చూసి, ప్రార్థనంతా ఆ చేతి వైపు తిరిగి చేసింది.

తర్వాత కొన్ని వారాలు ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. ఫోనులో బంధువులందరినీ వరసపెట్టి పలకరించింది. మళ్ళీ క్లాసులోకి వెళ్ళింది. ఒకరోజు పిల్లలకి స్వరం చూపిస్తుంటే, పై స్వరం దగ్గర కాలు జారినట్టు గొంతు జారింది. ఆవిడ దగ్గింది. పిల్లలు నవ్వారు. మర్నాడు ఇంకొంచెం జారింది.

ఎవరికీ చెప్పలేదు. తేనె తాగింది, ఆవిరి పట్టింది, తక్కువ మాట్లాడింది. ఆదివారాలు పెదవులు కదిలించి ఊరుకుంది. పక్కన తోడికోడలు గట్టిగా పాడుతుంటే ఎవరికీ తేడా తెలియలేదు. చివరికి ఒకరోజు "ఏమండీ" అంటే ముందు గదిలో మనిషి తల తిప్పలేదు.

డాక్టరుగారు గొంతులోకి గొట్టం పెట్టి చూశారు. "మందు కరిగిపోయింది. నరం ఇంకా నిద్రలోనే ఉంది. ముందే చెప్పాను కదమ్మా" అన్నారు. అవును, చెప్పారు. అప్పుడు పట్టించుకోని మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే చెవుల్లో పడ్డాయి.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తే ఆవిడకి అంతా గజిబిజి అయిపోయింది. గొంతు ఇచ్చింది ఎవరు? డాక్టరా? అయితే ప్రభువు ఇచ్చాడని అంతమంది ముందు ఎందుకు చెప్పాను? ప్రభువే ఇచ్చాడా? అయితే ఎరువిచ్చిన గిన్నె వెనక్కి పట్టుకుపోయినట్టు ఎందుకు పట్టుకుపోయాడు? నేను అబద్ధం చెప్పానా? దేవుడి పేరు మీద అబద్ధం? కాదు, ఆ రోజు నిజమే. మరి ఈ రోజు? ఒక చిక్కు విప్పబోతే ఇంకో రెండు పడుతున్నాయి. ఆవిడ దిగాల్సిన చోటు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది.

వార్త పాకింది. సలహాలు మొదలయ్యాయి.

"ఎక్కడో అవిశ్వాసం దూరి ఉంటుంది. బాగా వెతుక్కో" అంది తోడికోడలు, పోయిన తాళంచెవి గురించి చెప్పినట్టు.

సంఘ పెద్ద ఒకాయన, "ఇది పరీక్షమ్మా. తట్టుకోవాలి" అన్నాడు. "మీకు పాటంటే కాస్త గర్వముండేది లెండి. అందుకే ఇలా" అంది ఇంకొకావిడ చాలా ప్రేమగా. వీధి చివర ఉండే నర్సమ్మ అసలు తేల్చేసింది. "దేవుడు వద్దన్నాడు. ఆ తలుపు మూసేశాడు. ఇంక దాన్ని తట్టకూడదు."

"తట్టండి, తెరుస్తానని ప్రభువే అన్నాడు కదండీ?" అని గుసగుసగా అడిగింది టీచరు.

నర్సమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అది వేరే తలుపు" అంది.

వచ్చిన ప్రతివాళ్ళ మాటా వింటున్నంతసేపూ నిజమే అనిపించేది. వాళ్ళు వెళ్ళాక అన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి పొసిగేది కాదు. పాపమైతే ఏ పాపం? పరీక్షైతే ప్రశ్న ఏది? ప్రశ్న తెలియకుండా జవాబు రాయమంటే ఎలా?

పాస్టరుగారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ చల్లారబెట్టుకున్నాడు. ఆవిడే అడిగింది. "ఎందుకండీ ఇలా?"

"నాకూ తెలియదమ్మా."

ఆవిడకి ఒళ్ళు మండింది. "మీకే తెలియకపోతే, ప్రతి ఆదివారం గంటసేపు ఏం చెబుతున్నట్టండీ?"

ఆయన కోప్పడలేదు. "తెలిసినంతవరకే చెబుతానమ్మా. అందుకే గంటలో అయిపోతోంది" అని నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, "తుఫానులో ప్రభువు పడవ వెనక భాగంలో నిద్రపోతుంటే శిష్యులు లేపారు చూడు. మర్యాదగా లేపలేదమ్మా. మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని నిలదీశారు. అందుకని ఆయన వాళ్ళని వదిలెయ్యలేదు. నువ్వూ నిలదియ్యి. అరిచి అడుగు" అన్నాడు.

"అరవడానికి గొంతేదండీ?" అంది ఆవిడ.

పాస్టరుగారు టీ తాగేసి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ చర్చికి వెళ్ళడం మానేసింది. దేవుడి మీద అలక అనుకున్నారు జనం. అలక కాదు, సిగ్గు. ఆ మైకు కనిపిస్తే తను చెప్పిన మాటలు గుర్తొస్తాయి. ప్రార్థనకి మోకాళ్ళేసినా, మొదలుపెట్టడం ఎలాగో తెలిసేది కాదు. కృతజ్ఞత చెప్పాలా? ఇంకోసారి అడగాలా? అడిగితే, ఇచ్చినప్పుడు నమ్మాలా వద్దా? మోకాళ్ళు నొప్పెట్టాక లేచి పోయేది.

ఆదివారాలు ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చునేది. భర్త ఒక్కడే వెళ్ళొచ్చి కబుర్లు చెప్పేవాడు. "ఈ వేళ మీ తోడికోడలు మూడు పాటలు పాడింది. నా చెవులు ఇలా అయిపోవడం కూడా దేవుడి కృపేనేమో అనిపించింది" అన్నాడొకసారి. ఆవిడ చొక్కాలో మొహం దాచుకుని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం డ్రైవరుగారి భార్య వచ్చింది. చెప్పులు విడిచి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"టీచరుగారూ, మా ఆయన మిమ్మల్ని రమ్మంటున్నారు."

"ఆయనకి మాట లేదు కదా వదినగారూ? ఎలా రమ్మన్నారు?"

"మాట లేదు. 'అదే' అన్న ఒక్క ముక్క మిగిలింది. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే, నన్ను పిలిచినా అదే. గోడ మీద చర్చి ఫొటో ఉంది కదా, అందులో మిమ్మల్ని చూపించి అదే, అదే అంటున్నారు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ సాక్ష్యం విన్నప్పటి నుంచీ రోజూ పొద్దున్నే లేచి చేతికి, కాలికి వ్యాయామం చేసేవారు. టీచరుగారికి ఇచ్చిన దేవుడు నాకూ ఇస్తాడని. నోటితో అనలేదనుకోండి, నాకు తెలుసు. మీ గొంతు మళ్ళీ పోయిందని మొన్నెవరో నోరు జారారు. అప్పట్నుంచీ గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం పెడితే నోరు తెరవడం లేదు. మీరొచ్చి నాలుగు మాటలు చెబితే..."

టీచరుకి ఒక్కటే అర్థమైంది. తన మాట పట్టుకుని ఒక మనిషి లేచాడు. తన మాట పోయేసరికి పడిపోయాడు. ఆ రోజు పైకెత్తిన ఆ చెయ్యి కళ్ళ ముందు కదిలింది. "నా దగ్గర మాటలు ఎక్కడున్నాయి వదినగారూ" అని మాత్రం అనగలిగింది. వచ్చినావిడ ఆ గుసగుస సరిగా అందక, చూస్తానన్నారనుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం భర్త ఆవిడ పెదవుల వైపు చూస్తూ సంగతంతా తెలుసుకున్నాడు.

"వెళ్ళొద్దాం పద" అన్నాడు.

"వెళ్ళి ఏం చెప్పను?"

"నువ్వు చెప్పేది నాకే సరిగా వినిపించదు. ఆయనకేం చెప్పాలో నేనెలా చెప్పను? పద, ముందు వెళ్దాం."

డ్రైవరుగారు వాళ్ళుండేది టైర్ల కొట్టు మీద, రెండు గదుల్లో. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన. లోపల కిటికీ దగ్గర ఇనప మంచం. లేచి కూర్చోవడానికి ఆసరాగా మంచం కాళ్ళకి ఒక తాడు కట్టి ఉంది. పిండుకోవడానికిచ్చిన మెత్తని బంతి మంచం కింద దుమ్ములో పడి ఉంది. మేకుకి బస్సు టోపీ వేలాడుతోంది. ఒకప్పుడు ఆయన్ని పిల్లలు హారన్ మావయ్య అనేవాళ్ళు; ఆయన అరిస్తే బస్సుకి హారన్ అక్కర్లేదని. ఆదివారాలు పిల్లల్ని చర్చికి తెచ్చేదీ ఆయనే. వెనక సీట్లలో కొట్టుకోకుండా దారంతా వాళ్ళ చేత పాటలు పాడించేవాడు.

ఇప్పుడా మనిషి గోడ వైపు తిరిగి ఉన్నాడు.

టీచరు స్టూలు లాక్కుని చెవి దగ్గరికి వంగింది. దారి పొడుగునా ఏవేవో కూర్చుకుంది, ఒక్కటీ గుర్తు రాలేదు.

"అన్నయ్యగారూ, నేనే. నా గొంతు మళ్ళీ పోయింది. ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. అలాగని... ఏమో, నిజం చెప్పానో లేదో కూడా తెలియడం లేదు. మీకు లేనిపోని ఆశ పెట్టానేమో. ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి వచ్చానా, పెట్టుకోమని చెప్పడానికి వచ్చానా అంటే, అదీ తెలియదు."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అదే" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. "అదే! అదే!" అంటూ ఎడమ చేత్తో మంచం పట్టీ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. టీచరు బెదిరి వెనక్కి జరిగింది. "కోపం వచ్చింది, వెళ్ళిపోదాం" అని భర్త చెయ్యి పట్టుకుంది.

భర్త కదల్లేదు. రెండో చెయ్యి మంచం పట్టీ మీద ఆనించి ఉంది. ప్రెస్సులో మిషను చప్పుడు వినిపించకపోయినా ఒంటి మీద చెయ్యి వేసి దాని నడక చెప్పగలిగే మనిషి ఆయన. "ఆగు. ఇది కోపం కాదు. తాళం వేస్తున్నాడు" అన్నాడు.

టీచరు తనూ చెయ్యి ఆనించింది. ఒకటి, ఆగి రెండు, మళ్ళీ ఒకటి. ఎక్కడో విన్న నడక. విన్నదేమిటి, ఆవిడ కట్టిందే! ఆదివారం బడి పిల్లల కోసం ఎప్పుడో తనే రాసిచ్చిన చిన్న పాట. బస్సులో పిల్లలు అరిగిపోయేదాకా పాడిన పాట.

ఆవిడకి పాడే గొంతు లేదు. అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేచింది, బృందానికి పాట ఎత్తుగడ ఇచ్చేటప్పుడు లేచినట్టు. ఇంకో చేత్తో ఆయన మణికట్టు మీద తాళం అందుకుంది. పెదవులతో మాటలు చూపించింది. చెయ్యి దించింది.

"చిన్న... పడవ... నాది" అన్నాడు డ్రైవరుగారు.

అనలేదు, పాడాడు. బొంగురుగా, మాట మాటకీ తడబడుతూ. "చుక్కాని... నీది."

గుమ్మంలో ఆయన భార్య చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది.

"గాలి ఎటు వీచినా గట్టు నీది" అని పాడి, తన నోట్లోంచి వచ్చిందేమిటో తనకే తెలియనట్టు ఆయన బెదురుగా చుట్టూ చూశాడు. భార్య వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. "అదే" అనే వచ్చింది. ఆయన మొహం వాడిపోయింది. టీచరు గబగబా మళ్ళీ చెయ్యెత్తింది. దించింది. మళ్ళీ పడవ, మళ్ళీ చుక్కాని. ఈసారి ముందుకన్నా తేలిగ్గా వచ్చింది. ఆ ముసలాయన ఏడుస్తూ పాడాడు, పాడుతూ నవ్వాడు. కింద టైర్ల కొట్టువాళ్ళు సుత్తి ఆపి పైకి చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు టీచరు మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. అందరూ అది అద్భుతం అంటారని తెలుసు. ఆ మాట ఆవిడ నోటికి రాలేదు. ఒకసారి కాలిన నాలుక. కానీ ఏమీ అనకుండా ఉండడమూ చేతకాలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని గుసగుసగా మొదలుపెట్టింది.

"ప్రభువా, నువ్వేం చేస్తున్నావో నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అడిగింది నేను, ఇచ్చింది ఆయనకా? అదీ మాట ఇవ్వకుండా పాట ఒక్కటే ఇచ్చావా? సగం నాకు, సగం ఆయనకా? ఇదెక్కడి పంపకం? ఇన్నాళ్ళూ నేను అలా పడి ఉంటే నీకు పట్టలేదా? పట్టి ఉంటే ఒక్క మాట చెప్పచ్చు కదా? నాకు ఎవరి చేత చెప్పించినా నాలుగు రకాలుగా చెప్పిస్తావేం?"

ఎంతసేపు తిట్టిందో తెలియదు. జవాబేమీ రాలేదు. అయితే, నెలల తర్వాత తను ప్రార్థన చేస్తోందని మధ్యలో ఎక్కడో ఆవిడకి తెలిసింది. తెలిసినా ఆపలేదు. భర్త నాలుగు మెట్ల కింద గోడకానుకుని నిలబడ్డాడు. ఆయనకేమీ వినిపించలేదు, ఆవిడ భుజాల వైపు చూస్తూ ఊరుకున్నాడు.

మర్నాడు తన గొంతుకి కసరత్తులు చేయించే థెరపిస్టు అమ్మాయికి ఈ సంగతి చెప్పింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోకుండా, సంతోషంగా తలూపింది. "పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి అలా ఉంటుందండీ. మాటా పాటా మెదడులో ఒకే దారిన నడవవు. మాట దారి మూసుకుపోయినా పాట దారి కొంత మిగులుతుంది. దాన్ని పట్టుకునే ఒక్కో మాటా బయటికి లాగుతాం. మీరు సాయం వస్తారా? నాకు తాళం అసలు రాదు."

అయితే ఇదీ వైద్యమేనా? మళ్ళీ పాత గందరగోళమే. ఎవరిచ్చారు, ఎవరికి కృతజ్ఞత చెప్పాలి? ఆ రోజంతా తర్జనభర్జన పడింది. సాయంత్రానికి విసుగొచ్చి, ఇద్దరికీ చెప్పేసి, చెప్పులేసుకుని టైర్ల కొట్టు వైపు నడిచింది. గందరగోళం కూడా వెంటే వచ్చింది, పోనీలే రానీ అనుకుంది.

రోజూ వెళ్ళేది. థెరపిస్టు అమ్మాయి మాటలు ఎంచి ఇచ్చేది, టీచరు వాటికి చిన్న చిన్న వరసలు కట్టేది. మంచినీళ్ళు కావాలి, కిటికీ తెరువు, కాలు నొప్పి. ఆవిడ చెయ్యి ఎత్తుతుంది, మణికట్టు మీద తడుతుంది, ఆయన పాడతాడు. బాగా రాని రోజులు చాలా ఉండేవి. ఆయన బంతి విసిరికొట్టేవాడు. ఈవిడ ఇంటికొచ్చి దేవుణ్ణి నిలదీసేది. మర్నాడు మళ్ళీ ఇద్దరూ అక్కడే. పాట లేకుండా, తాళం లేకుండా ఆయన మొట్టమొదట అన్న పూర్తి మాట "కాఫీ చల్లారిపోయింది" అని. అది విని భార్య పెట్టిన కేకకి కింద కొట్టువాళ్ళు ఏదో జరిగిందని పరుగెత్తుకొచ్చారు.

"ఇన్నాళ్ళకి నోరొస్తే, మొదటి మాటే వంక పెట్టారా!" అని ఆవిడ ఏడుస్తూ కాఫీ వేడి చెయ్యడానికి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాతి ఆదివారం పాటల టీచరు చర్చికి వెళ్ళింది. ఆరాధన మధ్యలో లేచి, సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారికి సైగ చేసింది. ఆయన మైకు ఇచ్చి, సౌండు పెంచమని వెనక్కి చూశాడు. గుసగుస హాలంతా వినిపించింది.

"ఇదివరకు ఇక్కడ నిలబడి గొంతొచ్చిందని చెప్పాను. అది అబద్ధం కాదు. కాకపోతే తొందరపడ్డాను. అంతా అయిపోయినట్టు చెప్పాను. గొంతు మళ్ళీ పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలియదు. మీలో కొంతమంది కారణాలు చెప్పారు, ఒకదానికొకటి పడడం లేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. మంచి మాటలు రాకపోయినా, కోపం తప్ప ఇంకేమీ లేకపోయినా, ప్రభువు నా మాట వింటున్నాడని నమ్ముతున్నాను. నన్ను లేపి ఒక మనిషి దగ్గరికి పంపింది ఆయనేనని నమ్ముతున్నాను. రుజువు చూపించమంటే నా దగ్గర లేదు. అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటి సాక్ష్యానికి కొట్టాలో వద్దో తెలియలేదు వాళ్ళకి. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. తోడికోడలు చేతిలోని పాటల పుస్తకం తెరిచి మళ్ళీ మూసింది. వెనక వరసలోంచి డ్రైవరుగారు "అదే! అదే!" అని హారన్ కొట్టినట్టు అరిచాడు. ఇన్ని మాటలు నేర్చుకుని కూడా, ఆ వేళ ఆయనకి ఆ ఒక్కటే సరిపోయింది.

బయటికి వచ్చాక తోడికోడలు పక్కకి పిలిచింది. ఎటో చూస్తూ, "అవిశ్వాసం అన్నాను నిన్ను. నాకేం తెలుసని అన్నానో" అంది. "బృందం నువ్వు తీసుకోవే. నేను పాడుతుంటే నాకే తెలుస్తోంది."

"ఇద్దరం చూద్దాం అక్కా. నువ్వు పాడు, నేను చెయ్యి ఊపుతాను" అంది టీచరు.

అలాగే జరుగుతోంది. ఆ ఏడాది గడిచినా నరం కోలుకోలేదు. డాక్టరుగారు ఇంకో ఆపరేషన్ చేసి, కదలని రెక్కని శాశ్వతంగా లోపలికి జరిపారు. ఇప్పుడు ఆవిడకి ఒక గరుకు గొంతు ఉంది. వంటింట్లోంచి పిలిస్తే భర్త రెండోసారికి పలుకుతాడు. పాటకి మాత్రం అది పనికిరాదు. పై స్వరాలు ఇక రావని డాక్టరుగారు చెప్పారు. ఈసారి ఆవిడ చివరిదాకా విన్నది. ఇంటికొచ్చి ఒక పూటంతా తలుపేసుకుని ఏడ్చింది.

ఈ మధ్య చర్చికి కొత్తగా ఒకావిడ వస్తోంది. భర్తకి ఉద్యోగం పోయి, పెట్టుకున్న దుకాణమూ మునిగి, ఆయన మంచం దిగడం లేదట. పాటల సాధన మొదలవక ముందు టీచరు కుర్చీలు సర్దుతుంటే వచ్చి, తనూ ఒక చివర పట్టుకుంది.

"మీరింకా పాడే గొంతు కోసం ప్రార్థన చేస్తున్నారా?" అని అడిగింది.

"చేస్తున్నాను."

"రాదన్నారు కదండీ డాక్టర్లు?"

"అన్నారు."

"మరి... దేవుడు వింటున్నాడని ఎలా తెలుస్తుందండీ?"

టీచరు కుర్చీ దించింది.

"ఒక్కోరోజు తెలుస్తుంది. ఒక్కోరోజు తెలియదు. తెలియని రోజు కూడా మాట్లాడతాను" అంది. తర్వాత, "మీ ఆయన్ని చూడ్డానికి రేపు మేమిద్దరం రావచ్చా? మా ఆయనకి సరిగా వినపడదు, నా గొంతు గట్టిగా రాదు. పెద్దగా విసిగించం" అంది.

ఆవిడ నవ్వాలో వద్దో తెలియక నవ్వేసింది. రమ్మంది. ఇద్దరూ కలిసి మిగతా కుర్చీలు వరసలో పెట్టడం మొదలుపెట్టారు.